కణాల్లో జన్యు అస్థిరతను ఎలా పట్టుకోవాలి, క్యాన్సర్ నిర్ధారణలో దాన్ని ఎంతవరకు నమ్మాలి

ఇక్కడ రెండు ప్రశ్నలు కలిసిపోయాయి. కణాల్లో జన్యు అస్థిరత (డీఎన్‌ఏలో, క్రోమోజోముల్లో తప్పులు మామూలుకంటే ఎక్కువగా పోగుపడటం) ఉన్నదీ లేనిదీ పరీక్షతో తేలుతుందా అన్నది ఒకటి. తేలితే దాన్ని బట్టి క్యాన్సర్ అని చెప్పేయవచ్చా అన్నది రెండోది. మొదటిది తేలుతుంది, దానికి పద్ధతులు చాలానే ఉన్నాయి. రెండోది మాత్రం అంత తేలిక కాదు. అస్థిరత ఒక్కటే క్యాన్సర్‌కు రుజువు కాదు. స్లైడ్ మీద పాథాలజిస్ట్‌కు వచ్చిన అనుమానానికి అది బలం ఇస్తుంది. లేదా ఇప్పటికే నిర్ధారణ అయిన గడ్డ ఏ కోవకు చెందిందో, ఏ మందుకు లొంగే అవకాశం ఉందో, ఇంట్లో ఇంకెవరినైనా పరీక్షించాలో చెబుతుంది. ఈ హద్దు మరిచిపోయి చేసే పరీక్ష ఎంత మంచి యంత్రం మీద చేసినా రోగిని తప్పుదారి పట్టిస్తుంది.

అస్థిరత అంతా ఒకే రకం కాదు కాబట్టి ముందు ఏ రకం కోసం వెతుకుతున్నామో తేల్చుకోవాలి. డీఎన్‌ఏ నకలు తీసేటప్పుడు పడే చిన్న తప్పుల్ని దిద్దే యంత్రాంగం, అంటే మిస్‌మ్యాచ్ రిపేర్, చెడిపోతే మైక్రోశాటిలైట్ అస్థిరత (ఒకే చిన్న ముక్క పదేపదే వచ్చే డీఎన్‌ఏ భాగాల పొడవు మారడం) వస్తుంది. కణ విభజనలో క్రోమోజోములు సరిగ్గా పంచుకోకపోతే వాటి సంఖ్య, నిర్మాణం మారిపోతాయి. దీన్ని క్రోమోజోమ్ అస్థిరత అంటాం. డీఎన్‌ఏ రెండు పోగులూ తెగినప్పుడు వాటిని తప్పులేకుండా అతికించే పని, అంటే హోమోలోగస్ రీకాంబినేషన్, కుంటుపడితే మూడో రకం. ఒక రకానికి చేసే పరీక్ష మరొకదాన్ని దాదాపు పట్టుకోదు. పెద్దపేగు క్యాన్సర్‌లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. మైక్రోశాటిలైట్ అస్థిరత ఉన్న గడ్డల్లో క్రోమోజోముల సంఖ్య చాలావరకు మామూలుకు దగ్గరగానే ఉంటుంది. ప్లాయిడీ పరీక్ష (కేంద్రకంలో డీఎన్‌ఏ మొత్తం కొలిచేది) ఒక్కటే చేస్తే అవన్నీ 'నార్మల్' అని వస్తాయి.

అస్థిరత ఉండి క్యాన్సర్ లేని సందర్భాలు కూడా ముందే చెప్పాలి. లించ్ సిండ్రోమ్ (మిస్‌మ్యాచ్ రిపేర్ జన్యువుల్లో కుటుంబంలో వచ్చే దోషం) ఉన్నవారి పేగులో చూడటానికి పూర్తిగా మామూలుగా ఉన్న గ్రంథుల్లోనే అక్కడక్కడా మిస్‌మ్యాచ్ రిపేర్ ప్రోటీన్ పోయి ఉంటుంది. అవి క్యాన్సర్లు కావు, వాటిలో ఎక్కువ భాగం ఎప్పటికీ కావు. కాలేయ కణాల్లో, మూత్రాశయం లోపలి పైపొరలోని అంబ్రెల్లా కణాల్లో నాలుగు రెట్లు, ఎనిమిది రెట్లు క్రోమోజోములు ఉండటం సహజం (ఇక్కడ ఒక రెట్టు అంటే క్రోమోజోముల ఒక సెట్, మామూలు కణంలో రెండు రెట్లు ఉంటాయి). థైరాయిడ్‌లో ఫాలిక్యులర్ అడినోమాలు అనే క్యాన్సర్ కాని గడ్డలు కూడా కొన్ని అన్యూప్లాయిడ్‌గా, అంటే క్రోమోజోముల లెక్క తప్పి, ఉంటాయి. అటువైపు, క్రోమోజోముల లెక్క సరిగ్గా ఉన్న క్యాన్సర్లకూ కొదవ లేదు.

ఏ పరీక్షకైనా ఫలితం సగం నమూనా దగ్గరే తేలిపోతుంది, కాబట్టి మొదట దాని గురించి. కణజాలం శరీరం నుంచి బయటికి వచ్చాక గంటలోపు ఫార్మలిన్‌లో పడాలి. పది శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్‌లో 6 నుంచి 72 గంటల వరకు ఉంచవచ్చు. అంతకంటే తక్కువైతే ముక్క లోపలి భాగం ఫిక్స్ కాదు (చెడిపోకుండా గట్టిపడదు), ప్రోటీన్ మరక (యాంటీబాడీతో ప్రోటీన్‌కు వేసే రంగు) మధ్యలో మాయమై అంచుల్లో మాత్రమే కనిపిస్తుంది. ఎక్కువైతే డీఎన్‌ఏ ముక్కలైపోతుంది. ఎముక ఉన్న నమూనాను గట్టి ఆమ్లంతో డీకాల్సిఫై చేస్తే (కాల్షియం తీసేస్తే) డీఎన్‌ఏ పరీక్షలకు అది ఇక పనికిరాదు. దాని బదులు ఈడీటీఏ అనే రసాయనం వాడితే ఆలస్యమైనా నమూనా దక్కుతుంది. పెద్ద ఆపరేషన్ ముక్కను కోయకుండా అలాగే ఫార్మలిన్‌లో వేసి మర్నాటికి వదిలేయడం తరచూ జరిగే తప్పు. ఫార్మలిన్ కణజాలంలోకి చాలా నెమ్మదిగా చొచ్చుకుపోతుంది, కాబట్టి పేగును తెరిచి, గడ్డను పలకలుగా కోసి వేయాలి. ఆపరేషన్ ముక్కకంటే ముందు తీసిన చిన్న ఎండోస్కోపీ బయాప్సీ అందుబాటులో ఉంటే మిస్‌మ్యాచ్ రిపేర్ మరకలకు చాలాసార్లు అదే మెరుగు, ఎందుకంటే అది వెంటనే, పూర్తిగా ఫిక్స్ అవుతుంది.

ఇక మిస్‌మ్యాచ్ రిపేర్. ఇందులో నాలుగు ప్రోటీన్లు చూస్తాం: ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6. ఇవి జంటలుగా పనిచేస్తాయి. ఎంఎల్‌హెచ్1కు పీఎంఎస్2 జోడీ, ఎంఎస్‌హెచ్2కు ఎంఎస్‌హెచ్6 జోడీ. జంటలో ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2 పెద్ద భాగస్వాములు. అవి పోతే జోడీ నిలవదు, అదీ నశిస్తుంది. చిన్న భాగస్వామి పోతే మాత్రం పెద్దది మరో ప్రోటీన్‌తో జత కట్టి నిలబడుతుంది. రిపోర్టు చదవడానికి ఈ ఒక్క సూత్రం చాలు. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2 రెండూ పోతే లోపం ఎంఎల్‌హెచ్1లో ఉందని, పీఎంఎస్2 ఒక్కటే పోతే పీఎంఎస్2లోనే ఉందని అనుమానించాలి. అలాగే రెండో జంటలోనూ. వనరులు తక్కువైతే పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్6 రెండే వేసి, ఏదైనా పోయినప్పుడు మాత్రమే దాని జోడీ వేయడం కూడా సబబైన పద్ధతే.

మరకకు 4 మైక్రాన్ల సెక్షన్లు కోయండి. కోసిన స్లైడ్లను నెలల తరబడి అలమరాలో ఉంచి వాడకండి, యాంటిజెన్ (యాంటీబాడీ పట్టుకునే ప్రోటీన్ భాగం) బలహీనపడుతుంది. అవసరమైనప్పుడు బ్లాక్ నుంచి తాజాగా కోయాలి. చూసేటప్పుడు కేంద్రకంలోని మరకే లెక్క, సైటోప్లాజంలో వచ్చే గోధుమ ఛాయను పట్టించుకోవద్దు. గడ్డ కణాలను చూసేముందు వాటి పక్కనే ఉన్న లింఫోసైట్లను, స్ట్రోమా (గడ్డ చుట్టూ ఉండే ఆధార కణజాలం) కణాలను, మామూలు గ్రంథుల అడుగు భాగాన్ని చూడండి. అవి బాగా మరక పట్టి, గడ్డ కణాలు అసలు పట్టకపోతేనే 'ప్రోటీన్ పోయింది' అని రాయాలి. ఆ పక్క కణాలే పట్టకపోతే ఆ చోటు చదవడానికి పనికిరాదు, ఫలితం 'పోయింది' కాదు, 'తేలలేదు'. తప్పుడు పాజిటివ్‌లలో పెద్ద భాగం ఈ ఒక్క అడుగు దాటేయడం వల్లే వస్తుంది.

మరికొన్ని చిక్కులున్నాయి. మలాశయ క్యాన్సర్‌కు ముందుగా కీమో, రేడియేషన్ ఇచ్చాక తీసిన ముక్కలో ఎంఎస్‌హెచ్6 మరక బాగా తగ్గిపోవచ్చు, అక్కడక్కడా మాత్రమే మిగలవచ్చు. చికిత్సకు ముందు తీసిన బయాప్సీ మీద మళ్లీ చేస్తే సంగతి తేలుతుంది. ఎంఎల్‌హెచ్1 లోపం ఉన్న గడ్డలో ఎంఎస్‌హెచ్6 కూడా కొంత ప్రాంతంలో పోవచ్చు. ఎంఎస్‌హెచ్6 జన్యువులోనే ఒకే అక్షరం వరసగా ఉన్న భాగం ఉంది, అస్థిరత వల్ల అక్కడా తప్పు పడుతుంది. ఇది రెండోసారి వచ్చిన నష్టమే, కుటుంబ దోషం కాదు. ఎంఎల్‌హెచ్1కు కొన్ని యాంటీబాడీ క్లోన్లతో (రకాలతో) కేంద్రకంలో చుక్కలు చుక్కలుగా మరక వస్తుంది. దాన్ని 'ఉంది' అని చదవకూడదు. పీఎంఎస్2 కూడా పోయిందేమో చూస్తే సందేహం తీరుతుంది. ఇంకో సంగతి, మిస్సెన్స్ మ్యుటేషన్‌లో (ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారే మార్పులో) ప్రోటీన్ తయారవుతుంది, మరక పడుతుంది, కానీ పనిచేయదు. అందుకే నాలుగు మరకలూ మామూలుగా ఉన్నా, రోగి వయసు, కుటుంబ చరిత్ర, గడ్డ రూపం లించ్ వైపు చూపిస్తుంటే పీసీఆర్ (ఎంచుకున్న డీఎన్‌ఏ భాగాన్ని ఎన్నో ప్రతులుగా పెంచి చూసే పరీక్ష) కూడా చేయించాలి.

ఆ పీసీఆర్ చూసేది పర్యవసానాన్ని. మైక్రోశాటిలైట్ అంటే ఒకటి నుంచి ఆరు అక్షరాల ముక్క పదేపదే వచ్చే డీఎన్‌ఏ భాగం. ఒకే అక్షరాన్ని వరసగా ఇరవై ఆరుసార్లు రాయమంటే ఎవరికైనా లెక్క తప్పుతుంది, నకలు తీసే ఎంజైమ్‌కూ అంతే. ఆ తప్పును దిద్దే ప్రోటీన్లు లేకపోతే పొడవు మారిపోయి అలాగే ఉండిపోతుంది. 1997లో అమెరికాలోని బెథెస్డాలో జరిగిన సమావేశంలో ఐదు మార్కర్లను (పరీక్షించే మైక్రోశాటిలైట్ చోట్లను) సిఫారసు చేశారు: బీఏటీ-25, బీఏటీ-26, ఇంకా రెండక్షరాల పునరావృతాలున్న మూడు. తర్వాతి అనుభవంతో ఒక్క అక్షరం పునరావృతమయ్యే ఐదు మార్కర్ల ప్యానెల్‌కు మారారు: బీఏటీ-25, బీఏటీ-26, ఎన్‌ఆర్-21, ఎన్‌ఆర్-24, మోనో-27. ఐదింటిలో రెండు, అంతకంటే ఎక్కువ మారితే అస్థిరత ఎక్కువ, అంటే ఎంఎస్ఐ-హై. ఏదీ మారకపోతే స్థిరం. ఒక్కటే మారితే 'లో' అనే పేరు ఉంది కానీ, చికిత్స నిర్ణయాల్లో దాన్ని స్థిరంగా ఉన్నవాటితోనే కలుపుతారు.

చేసే తీరు ఇది. ముందు హెచ్ అండ్ ఈ స్లైడ్ (కణాల రూపం చూడటానికి మామూలుగా రంగు వేసినది) మీద గడ్డ ఉన్న ప్రాంతాన్ని పాథాలజిస్ట్ పెన్నుతో గుర్తుపెట్టాలి. ఆ గుర్తు ప్రకారం మరక వేయని 10 మైక్రాన్ల సెక్షన్ల నుంచి ఆ భాగాన్నే బ్లేడుతో గీకి తీయాలి. గీకిన భాగంలో గడ్డ కణాలు కనీసం 20 శాతం ఉండాలి, 30 ఉంటే నిశ్చింత. ఇక్కడ శాతం అంటే కేంద్రకాల లెక్క, విస్తీర్ణం కాదు. లింఫోసైట్లు కిక్కిరిసిన గడ్డలో విస్తీర్ణం చూసి 60 శాతం అనుకున్నది కేంద్రకాలు లెక్కపెడితే 25 అవుతుంది. పైగా మైక్రోశాటిలైట్ అస్థిరత ఉన్న గడ్డలే లింఫోసైట్లతో నిండి ఉంటాయి కాబట్టి ఈ పొరపాటు సరిగ్గా పట్టుకోవలసిన గడ్డల్లోనే పడుతుంది. మ్యూసిన్ (జిగురు పదార్థం) సరస్సుల్లా ఉన్న గడ్డల్లోనూ ఇదే ఇబ్బంది.

పోల్చడానికి అదే రోగి మామూలు డీఎన్‌ఏ కావాలి. రక్తం నుంచి తీయవచ్చు, గడ్డకు దూరంగా ఉన్న మామూలు కణజాలమైనా సరే. రెండింటినీ ఒకే ప్లేట్‌లో, ఒకే మోతాదు డీఎన్‌ఏతో నడపండి. కిట్‌ను బట్టి ఒకటి రెండు నానోగ్రాముల నుంచి మొదలవుతుంది. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం పొరపాటు. సిగ్నల్ పైకప్పు తాకి, ఒక రంగు మరో రంగులోకి కారి లేని శిఖరాలు పుట్టిస్తుంది. డీఎన్‌ఏ లేని నెగటివ్ కంట్రోల్, తెలిసిన అస్థిర నమూనా ప్రతి ప్లేట్‌లోనూ ఉండాలి. ఫలితం క్యాపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ (డీఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి వేరుచేసే పద్ధతి) మీద శిఖరాల వరసగా వస్తుంది. మామూలు నమూనాలో కూడా ప్రతి మార్కర్‌కూ ఒక్క గీత కాక గంట ఆకారంలో గుంపు కనిపిస్తుంది. అది పీసీఆర్ ఎంజైమ్ స్వయంగా చేసే జారుడు, దాన్ని స్టటర్ అంటాం. అస్థిరత అంటే ఆ గుంపు మొత్తంగా ఎడమకు, అంటే తక్కువ పొడవు వైపు, సాధారణంగా మూడు బేస్‌లు అంతకంటే ఎక్కువ జరగడం, లేదా ఎడమ వైపున కొత్త గుంపు పుట్టడం.

ఎండోమెట్రియల్ (గర్భాశయం లోపలి పొర) క్యాన్సర్‌లో ఈ నియమాన్ని గుడ్డిగా వాడకండి. అక్కడ జరుగుడు చాలాసార్లు ఒకటి రెండు బేస్‌లే ఉంటుంది. ఎంఎస్‌హెచ్6 లోపం ఉన్న గడ్డల్లో మరీ అంతే. మామూలు నమూనా గ్రాఫ్‌ను గడ్డ గ్రాఫ్ పక్కన కాక పైన పెట్టి, భుజం ఆకారం మారిందా అని చూడాలి. ఈ క్యాన్సర్‌లో ప్రోటీన్ మరకనే మొదటి పరీక్షగా పెట్టుకోవడం మేలు.

గడ్డ, మామూలు నమూనాలు నిజంగా ఒకే మనిషివేనా అన్నది కూడా సరిచూడాలి. కొన్ని కిట్లలో ఐదక్షరాల పునరావృతాలున్న పెంటా మార్కర్లు దీనికోసమే ఉంటాయి. అవి సరిపోలకపోతే ట్యూబులు మారినట్టు లెక్క, ఫలితం చదవకండి. బీఏటీ-26 విషయంలో ఒక సూక్ష్మం ఉంది. అది ఎంఎస్‌హెచ్2 జన్యువు లోపలే, ఐదో ఇంట్రాన్‌లో (ప్రోటీన్‌గా మారని భాగంలో) ఉంటుంది. గడ్డలో ఆ భాగం రెండు ప్రతుల్లోనూ తెగి పోతే బీఏటీ-26 అసలు వృద్ధి కాదు. మధ్యలో ఉన్న మామూలు కణాల నుంచి వచ్చిన శిఖరం చూసి స్థిరంగా ఉందనుకుంటాం. మిగతా నాలుగు మారి ఇదొక్కటే చక్కగా, కానీ బలహీనంగా కనిపిస్తే ఆ సంగతి గుర్తుకు రావాలి. ఆఫ్రికా మూలాలున్నవారిలో బీఏటీ-25, బీఏటీ-26 పొడవుల్లో సహజ భేదాలు ఎక్కువ. మామూలు డీఎన్‌ఏ లేకుండా గడ్డ ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పవద్దనడానికి ఇదో కారణం.

ఫలితం వచ్చాక ఏం చేయాలి? పెద్దపేగు క్యాన్సర్లలో సుమారు 15 శాతం ఎంఎస్ఐ-హై. కానీ లించ్ వల్ల వచ్చేవి మొత్తం మీద 3 శాతం వరకే. మిగతావి ఎక్కువగా వయసుతో పాటు ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ (జన్యువును పనిచేయించే మీట లాంటి భాగం) మీద మిథైల్ గుంపులు చేరి జన్యువు మూగబోవడం వల్ల వచ్చినవి. కాబట్టి ఎంఎల్‌హెచ్1 పోయిన పేగు గడ్డలో తర్వాతి మెట్టు బీఆర్‌ఏఎఫ్ జన్యువులో వీ600ఈ అనే మ్యుటేషన్ ఉందేమో చూడటం. అది ఉంటే కుటుంబ దోషం అయ్యే అవకాశం బాగా తక్కువ. లేకపోతే ప్రమోటర్ మిథైలేషన్ చూడాలి. అదీ లేకపోతే రక్తంలో జన్యు పరీక్షకు పంపాలి. ఎండోమెట్రియల్ గడ్డలో బీఆర్‌ఏఎఫ్ మెట్టు పనికిరాదు, నేరుగా మిథైలేషన్‌కు వెళ్లాలి. ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, లేదా పీఎంఎస్2 ఒక్కటే పోయిన వారికి ఈ మెట్లతో పని లేదు, తిన్నగా జెనెటిక్ కౌన్సెలింగ్. అక్కడ ఎంఎస్‌హెచ్2 మామూలుగా ఉందని వస్తే ఈపీక్యామ్ జన్యువు చివరి భాగం తెగిందేమో చూశారా అని అడగండి, దాని పక్కనే ఉన్న ఎంఎస్‌హెచ్2 అలా కూడా మూగబోతుంది. మందుల విషయంలో, 2017 మే నెలలో అమెరికా ఎఫ్‌డీఏ గడ్డ ఏ అవయవంలో పుట్టిందన్నదానితో నిమిత్తం లేకుండా, ఎంఎస్ఐ-హై లేదా మిస్‌మ్యాచ్ రిపేర్ లోపం ఉన్న ముదిరిన ఘన గడ్డలకు పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందును అనుమతించింది. గడ్డలోని ఒక అణుస్థాయి (మాలిక్యులర్) లక్షణం ఆధారంగా అలా అనుమతి రావడం అదే మొదటిసారి. అందుకే ఈ పరీక్షలో తప్పు ఇప్పుడు రెండు వైపులా బరువైనది.

ఎన్‌జీఎస్ (ఒకేసారి ఎన్నో డీఎన్‌ఏ భాగాల అక్షరాలు చదివే పద్ధతి) ప్యానెల్‌తో చేసేటప్పుడు వందల కొద్దీ మైక్రోశాటిలైట్లు చూసి ఎంత శాతం మారాయో లెక్కిస్తారు. ఎంఎస్ఐసెన్సర్ వంటి సాధనంలో 10 దాటితే ఎంఎస్ఐ-హై అన్నది వాడుకలో ఉన్న గీటురాయి. గడ్డ కణాల శాతం తక్కువైతే ఇది కూడా పడిపోతుంది. రక్తంలో తేలే డీఎన్‌ఏ మీద చేసినప్పుడు నెగటివ్ వస్తే గడ్డ డీఎన్‌ఏ తగినంత ఉందో లేదో తెలియకుండా దాన్ని నెగటివ్‌గా రాయకూడదు.

క్రోమోజోమ్ అస్థిరత వైపు వద్దాం. వంకర విభజనలను జర్మన్ పాథాలజిస్ట్ హాన్సెమాన్ 1890లోనే క్యాన్సర్ కణాల్లో వర్ణించాడు, 1914లో జీవశాస్త్రవేత్త థియోడోర్ బోవెరీ వాటినే క్యాన్సర్‌కు కారణంగా ప్రతిపాదించాడు. ఈ రోజు దాన్ని కొలవడానికి సులువైన దారి కేంద్రకంలో డీఎన్‌ఏ మొత్తం ఎంతో చూడటం, అంటే ప్లాయిడీ.

ఫ్లో సైటోమెట్రీలో (కేంద్రకాలను ఒక్కొక్కటిగా కాంతి ముందు నుంచి పంపి కొలిచే పద్ధతిలో) అయితే పారాఫిన్ బ్లాక్ నుంచి 50 మైక్రాన్ల మందపు సెక్షన్లు కోసి, పారాఫిన్ తీసి, నీటిలోకి తెచ్చి, 0.5 శాతం పెప్సిన్‌లో, పీహెచ్ 1.5 వద్ద, 37 డిగ్రీల్లో సుమారు అరగంట ఉంచి కేంద్రకాలను విడదీస్తాం. మందం ఎందుకంటే పలుచగా కోస్తే కేంద్రకాలే తెగి, ముక్కలు తక్కువ డీఎన్‌ఏగా కనిపిస్తాయి. సన్నటి నైలాన్ జల్లెడలో వడకట్టి, ఆర్‌ఎన్‌ఏజ్‌తో ఆర్‌ఎన్‌ఏ తొలగించి, ప్రొపీడియం అయొడైడ్‌తో మరక వేయాలి. ఈ రంగు ఆర్‌ఎన్‌ఏను కూడా పట్టుకుంటుంది, అందుకే ఆ ఎంజైమ్ తప్పనిసరి. కనీసం పది వేల కేంద్రకాలు చదవండి. రెండు కేంద్రకాలు అతుక్కుని వెళితే నాలుగు రెట్ల డీఎన్‌ఏలా కనిపిస్తాయి కాబట్టి పల్స్ వెడల్పు, వైశాల్యం ప్లాట్ మీద వాటిని కత్తిరించాలి.

గ్రాఫ్‌లో జీ0/జీ1 శిఖరాలు (ఇంకా డీఎన్‌ఏ నకలు మొదలుపెట్టని కణాలవి) స్పష్టంగా రెండు ఉంటేనే అన్యూప్లాయిడ్. గడ్డ శిఖరం స్థానాన్ని మామూలు శిఖరం స్థానంతో భాగిస్తే డీఎన్‌ఏ ఇండెక్స్ వస్తుంది. శిఖరం వెడల్పు, అంటే సీవీ, 8 శాతం దాటితే దగ్గరదగ్గరగా ఉన్న రెండు శిఖరాలు ఒకటై కనిపిస్తాయి. అలాంటి గ్రాఫ్ మీద 'డిప్లాయిడ్' (మామూలుగా రెండు రెట్లు) అని రాయకూడదు. పారాఫిన్ నుంచి తీసిన వాటిలో బయటి నుంచి తెచ్చిన లింఫోసైట్లను ప్రమాణంగా పెట్టవద్దు, ఫిక్సేషన్‌ను బట్టి రంగు పట్టడం మారుతుంది. ఆ బ్లాక్‌లోనే ఉన్న మామూలు కణాలే ప్రమాణం. ఎడమ చివరి శిఖరమే డిప్లాయిడ్ అని ఊహిస్తాం కాబట్టి, నిజంగా క్రోమోజోములు తగ్గిన గడ్డను ఈ పద్ధతిలో గుర్తించలేం. నాలుగు రెట్ల శిఖరం ఒక్కటే పెద్దగా ఉంటే దానికి తోడు ఎనిమిది రెట్ల దగ్గర కూడా శిఖరం ఉందో లేదో చూడండి. ఉంటే అది నిజంగా విభజిస్తున్న టెట్రాప్లాయిడ్ వంశం.

కణాలు తక్కువున్న చోట, ముఖ్యంగా ఛాతీలో, పొట్టలో చేరిన నీటిలో, నోటి బ్రష్ నమూనాలో, ఇమేజ్ సైటోమెట్రీ (స్లైడ్ మీది కేంద్రకాల్లో రంగును కెమెరాతో కొలవడం) మేలు. ఇక్కడ ఏ కణాన్ని కొలుస్తున్నామో కంటికి కనిపిస్తుంది. డీఎన్‌ఏకు మాత్రమే పట్టే ఫ్యోల్గెన్ మరకకు 5 నార్మల్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గది ఉష్ణోగ్రత వద్ద గంట సేపు హైడ్రాలిసిస్, తర్వాత షిఫ్ రియేజెంట్. హైడ్రాలిసిస్ తగ్గినా ఎక్కువైనా రంగు తగ్గుతుంది. గది వేడెక్కినా అంతే. అందుకే ఒకే స్లైడ్ మీద ఉన్న కనీసం 30 లింఫోసైట్లను కొలిచి వాటినే రెండు రెట్ల ప్రమాణంగా పెట్టాలి, తర్వాత అనుమానమున్న కణాలు 200 నుంచి 300. ప్రధాన శిఖరం 1.8 నుంచి 2.2, లేదా 3.6 నుంచి 4.4 పరిధులకు బయట పడితే, లేదా తొమ్మిది రెట్లు దాటిన కణాలు కనిపిస్తే అది అసహజం. మీద పడ్డ కణాలు, ముడుచుకుపోయిన కేంద్రకాలు కొలతలోకి రాకుండా చేత్తో తీసేయాలి. సాఫ్ట్‌వేర్‌కు వదిలేస్తే ఇవే తొమ్మిది రెట్ల కణాలుగా లెక్కలోకి వస్తాయి. ఈమధ్యనే రేడియేషన్, కీమో తీసుకున్నవారిలో, విటమిన్ బీ12 లోపం ఉన్నవారిలో ఈ పెద్ద కేంద్రకాలకు అర్థం వేరు.

నోటి తెల్లమచ్చల్లో ప్లాయిడీ చూసి క్యాన్సర్ ముప్పు చెప్పడం గురించి చదివేవారు ఒకటి గమనించాలి. ఈ అంశం మీద 2001లో, 2004లో ప్రముఖ వైద్య పత్రికలో వచ్చిన, ఎన్నోసార్లు ఉదహరించిన అధ్యయనాలను 2006లో ఉపసంహరించారు. వాటి సంఖ్యలు ఇంకా పాత వ్యాసాల్లో, స్లైడ్లలో తిరుగుతున్నాయి. నోటి మచ్చలో అన్యూప్లాయిడీ కనిపిస్తే దగ్గరగా గమనించాలి, సరైన చోట బయాప్సీ తీయాలి. కానీ ఆ పాత శాతాలు రోగికి చెప్పకండి.

ఫిష్ (మెరిసే డీఎన్‌ఏ ముక్కలు, అంటే ప్రోబ్‌లు, అతికించి చూసే పరీక్ష) మొత్తం డీఎన్‌ఏను కాక ఎంచుకున్న క్రోమోజోములను మాత్రమే చూపుతుంది. మూత్రంలో క్యాన్సర్ కణాల కోసం వాడే యూరోవిజన్ అనే కిట్‌లో నాలుగు ప్రోబ్‌లుంటాయి: 3, 7, 17 క్రోమోజోముల సెంట్రోమియర్లు (రెండు భుజాలు కలిసే నడుములు), 9వ దాని చిన్న భుజంలో 9పీ21 అనే చోటు. రూపం అనుమానంగా ఉన్న 25 కణాలను చూడాలి. వాటిలో నాలుగు, అంతకంటే ఎక్కువ కణాల్లో, ఒకే కణంలో రెండు లేదా ఎక్కువ క్రోమోజోములు పెరిగితే పాజిటివ్. లేదా పన్నెండు అంతకంటే ఎక్కువ కణాల్లో 9పీ21 రెండు సిగ్నళ్లూ పోతే పాజిటివ్. అన్ని ప్రోబ్‌లూ సరిగ్గా నాలుగేసి ఉన్న కణాలను చూసి తొందరపడకండి. అవి అంబ్రెల్లా కణాలు కావచ్చు, విభజన మధ్యలో ఉన్నవి కావచ్చు. అసమానంగా పెరగడం, ఉదాహరణకు 3వది ఐదు, 7వది నాలుగు, 17వది మూడు, క్యాన్సర్‌ను చాలా బలంగా సూచిస్తుంది.

తయారీలో మిథనాల్, అసిటిక్ ఆమ్లం 3:1 ఫిక్సేటివ్, తర్వాత పెప్సిన్. పెప్సిన్ సమయమే అసలు కీలకం. తక్కువైతే ప్రోబ్ లోపలికి పోదు, సైటోప్లాజం పచ్చగా మెరుస్తుంది. ఎక్కువైతే కేంద్రకం చిరిగి దెయ్యపు నీడలా మిగులుతుంది. ప్రతి కొత్త లాట్ పెప్సిన్‌కు రెండు మూడు వేర్వేరు సమయాలతో ప్రయోగ స్లైడ్లు చేసి చూడండి. హైబ్రిడైజేషన్ రాత్రంతా 37 డిగ్రీల్లో. మర్నాడు 0.4ఎక్స్ ఎస్‌ఎస్‌సీలో (ఉప్పు ద్రావణంలో) 73 డిగ్రీల్లో రెండు నిమిషాల వాష్. జార్ లోపల థర్మామీటర్ పెట్టి కొలవాలి, వాటర్ బాత్ తెర మీద కనిపించే అంకె జార్‌లో ఉన్న వేడి కాదు. ఒకేసారి చాలా స్లైడ్లు వేస్తే ఉష్ణోగ్రత పడిపోయి, వాష్ చాలక నేపథ్యం మెరుస్తుంది.

పారాఫిన్ సెక్షన్ మీద ఫిష్ చేస్తే తెగిన కేంద్రకాల సమస్య ఉంటుంది. 4 మైక్రాన్ల కోతలో కేంద్రకం మొత్తం ఉండదు, కాబట్టి మామూలు కణాల్లోనూ కొన్నింటికి ఒకే సిగ్నల్ కనిపిస్తుంది. మామూలు కణజాలం మీద మీ ల్యాబ్‌లోనే లెక్కించి గీటు పెట్టుకోవాలి, వేరేచోటి గీటు పనికిరాదు. దీన్ని జాగ్రత్తగా వాడితే ఫిష్ నిర్ధారణకే అక్కరకొచ్చే ఒక సందర్భం ఉంది. ఊపిరితిత్తి పొరలో మీసోథీలియల్ కణాలు వాపు వల్ల పెరిగాయా, మీసోథీలియోమానా (ఆ పొరలో పుట్టే క్యాన్సరా) అన్న సందేహం వచ్చినప్పుడు, 9వ సెంట్రోమియర్ సిగ్నళ్లు రెండూ ఉండి 9పీ21 రెండూ పోయి ఉంటే అది మీసోథీలియోమా వైపు గట్టి సాక్ష్యం. పోకపోతే మాత్రం క్యాన్సర్ కాదని కాదు.

హోమోలోగస్ రీకాంబినేషన్ లోపం గురించి క్లుప్తంగా. అండాశయ క్యాన్సర్‌లో పార్ప్ ఇన్‌హిబిటర్ల (ఈ లోపం ఉన్న గడ్డల మీద పనిచేసే మందుల) కోసం అడిగే హెచ్‌ఆర్‌డీ పరీక్ష, అంటే ఈ లోపాన్ని చూసేది, జీనోమ్‌లో మిగిలిన మచ్చలను లెక్కిస్తుంది: హెటిరోజైగోసిటీ పోయిన (రెండు వేర్వేరు ప్రతుల్లో ఒకటి పోయిన) పెద్ద భాగాలు, టెలోమియర్ (క్రోమోజోమ్ చివర) వరకు సాగిన అసమతుల్యం, పెద్ద విరుగుళ్లు. వాటి మొత్తం 42 దాటినా, సరిగ్గా 42 అయినా పాజిటివ్ అన్నది ఎక్కువగా వాడే గీటు. మచ్చ మానినా గుర్తు పోదు. మందులకు నిరోధకత వచ్చి కణం మళ్లీ రిపేర్ చేసుకోగలిగినా స్కోరు ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి చికిత్స తర్వాత తిరగబెట్టిన గడ్డలో పాత స్కోరు మీద ఆధారపడితే మోసపోతాం.

మైక్రోన్యూక్లియస్ (కేంద్రకం పక్కన విడిపోయిన చిన్న ముక్కలు లెక్కించేది), కామెట్ (తెగిన డీఎన్‌ఏను తోకలా చూపేది) పరీక్షలు క్యాన్సర్ నిర్ధారణకు కావు. రసాయనాలు, రేడియేషన్ తగిలినవారి గుంపుల్లో నష్టాన్ని కొలవడానికి అవి మంచివి. ఒక్క మనిషికి 'మీకు క్యాన్సర్ ఉంది, లేదు' అని చెప్పడానికి వాటిని అమ్మేవారిని నమ్మవద్దు. నోటి కణాల మీద మైక్రోన్యూక్లియస్ పరీక్ష చేస్తే గీమ్సా రంగు వాడకండి, కెరటిన్ రేణువులు మైక్రోన్యూక్లియస్‌లా కనిపిస్తాయి. డీఎన్‌ఏకే పట్టే ఫ్యోల్గెన్ వాడాలి.

పుట్టుకతో అస్థిరత ఉండే జబ్బుల్లో మాత్రం క్రోమోజోముల విరుపు పరీక్షదే నిర్ధారణలో ప్రధాన పాత్ర. పిల్లల్లో రక్తకణాలు తగ్గిపోయి ఫ్యాంకోనీ అనీమియా (డీఎన్‌ఏ రిపేర్ లోపంతో పుట్టే జబ్బు) అనుమానం వస్తే, రక్తంలోని లింఫోసైట్లను పీహెచ్‌ఏతో (విభజనకు పురికొల్పే పదార్థంతో) పెంచి, డీఎన్‌ఏను దెబ్బతీసే డైఎపాక్సీబ్యూటేన్ లేదా మైటోమైసిన్ సీ కలిపి, మెటాఫేజ్‌లలో (విభజనలో క్రోమోజోములు స్పష్టంగా కనిపించే దశలో) విరుపులు, నాలుగు చేతుల రేడియల్ ఆకారాలు లెక్కిస్తారు. అదే రోజు ఆరోగ్యవంతుడి రక్తం పక్కన నడవాలి, లేకుంటే మందు పనిచేసిందో లేదో తెలియదు. రక్తంలో మామూలు ఫలితం వచ్చినా అనుమానం బలంగా ఉంటే చర్మంలోని ఫైబ్రోబ్లాస్ట్ కణాల మీద తిరిగి చేయాలి, ఎందుకంటే కొందరిలో రక్త మూలకణం దోషాన్ని తనంతట తానే సరిదిద్దుకుని రక్తమంతా అలాంటి కణాలతో నిండిపోతుంది. ఈ పరీక్ష ఎముక మజ్జ మార్పిడికి ముందే అయిపోవాలి. ఈ పిల్లలు మామూలు మోతాదు కీమోను, రేడియేషన్‌ను తట్టుకోలేరు. దాత అన్నో చెల్లో అయితే వాళ్లకు కూడా ఇదే పరీక్ష చేయాలి.

ప్రోటీన్ మరకకూ పీసీఆర్‌కూ పొంతన కుదరనప్పుడు రెండింటినీ కలిపి సగటు చెప్పే పని పెట్టుకోవద్దు. మొదట స్లైడ్‌లో అంతర్గత కంట్రోల్ మరోసారి చూడండి, గీకిన భాగంలో గడ్డ శాతం మళ్లీ లెక్కపెట్టండి, ట్యూబ్ గుర్తింపు సరిచూడండి, వేరే బ్లాక్ ఉంటే దాని మీద తిరిగి చేయండి. అప్పటికీ తేడా నిలిస్తే రెండు ఫలితాలనూ ఉన్నది ఉన్నట్టు రాసి, గడ్డ శాతం, ఏ క్లోన్ యాంటీబాడీ, ఏ మార్కర్లు, ఎన్ని కణాలు చూశారు అన్నవి రిపోర్టులోనే నమోదు చేసి, ఎన్‌జీఎస్‌కు పంపండి.